పిల్లల మెడ దగ్గర మెత్తటి వాపు, లింఫాటిక్ మాల్‌ఫార్మేషన్ అన్నారా? ఏ వరసలో ఏం చెయ్యాలంటే

మా బాబుకి ఏడో నెలలో జలుబు చేసింది, రెండు రోజులకి మెడకి కుడి పక్కన నిమ్మకాయంత వాపు తేలింది. ముట్టుకుంటే నీళ్లు నింపిన బెలూన్ లాగా మెత్తగా ఉంది, వాడికి నొప్పీ లేదు ఏమీ లేదు, ఆడుకుంటూనే ఉన్నాడు, గాభరా అంతా మాదే. మొదట చూసినాయన నీటి గడ్డ అని సూది పెట్టి లాగేశారు, లేత పసుపు నీళ్లొచ్చాయి, మెడ చదునుగా అయిపోయింది, హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. పదో రోజుకి మళ్లీ అంతే ఉంది. అప్పుడు స్కాన్ తీయిస్తే తెలిసింది ఇది లింఫాటిక్ మాల్‌ఫార్మేషన్ అని, ఉత్త సూదితో లాగితే మళ్లీ నిండిపోవడం దీని సహజ గుణం అని. నేను డాక్టర్ని కాదు, ఒక పిల్లాడితో నాలుగేళ్లు హాస్పిటళ్ల చుట్టూ తిరిగిన తల్లిని. ఏది ముందు, ఏది తర్వాత అనేది ఎవరూ ఒక చోట కూర్చోబెట్టి చెప్పరు కాబట్టి రాస్తున్నా.

ముందు అసలు ఇదేంటో. ఒంట్లో రక్తనాళాలతో పాటు లింఫ్ నాళాలని ఇంకో పైపుల వ్యవస్థ ఉంటుంది, కణాల మధ్య మిగిలిపోయిన నీటిని పోగు చేసి తిరిగి రక్తంలో కలపడం దాని పని. బిడ్డ కడుపులో పెరుగుతున్నప్పుడు ఈ పైపుల్లో కొన్ని మెయిన్ లైన్‌కి సరిగ్గా కలవకుండా పక్కకి ఉండిపోయి సంచుల్లాగా ఉబ్బుతాయి, అవే ఈ తిత్తులు. క్యాన్సర్ కాదు, ఇంకొకళ్లకి అంటుకునేది కాదు. చాలామందిలో కారణం పీఐకే3సీఏ అనే జీన్‌లో మార్పు అని 2015లో బయటపడింది, ఆ మార్పు కూడా ఒళ్లంతా ఉండదు, ఆ వాపు ఉన్న చోటి కణాల్లో మాత్రమే ఉంటుంది, గర్భం నిలిచాక ఎప్పుడో జరుగుతుంది. అంటే తల్లి తిన్నదాని వల్లో, ఎత్తిన బరువు వల్లో, ఎవరి వంశం నుంచో వచ్చింది కాదు. ఈ ముక్క ఇంట్లో పెద్దవాళ్లందరి ముందూ డాక్టర్ గారి నోటితోనే చెప్పించండి, మనం చెప్తే వినరు.

పేర్ల గందరగోళం ఒకటుంది. పాత రిపోర్టుల్లో సిస్టిక్ హైగ్రోమా అనో లింఫాంజియోమా అనో రాస్తారు, వేరే జబ్బేమో అని కంగారు పడొద్దు, పుట్టిన పిల్లల్లో దీన్నే అలా పిలిచేవాళ్లు. చివర్లో "ఓమా" అని ఉంటే ట్యూమర్ అనే అర్థం వస్తుంది కాబట్టి ఇప్పుడు ఆ పేర్లు వాడొద్దంటున్నారు. కానీ గర్భంలో మొదటి మూడు నెలల స్కాన్‌లో పిండం మెడ వెనక కనిపించే సిస్టిక్ హైగ్రోమా సంగతి మాత్రం వేరు, దానికి టర్నర్ సిండ్రోమ్, డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలతో సంబంధం ఉండొచ్చు, అది చూసే టెస్టులు వేరు. ఈ రెండిటినీ కలిపి నెట్‌లో చదివి నేను రెండు రాత్రులు నిద్ర లేకుండా ఏడ్చాను, మీరు ఆ పని చెయ్యొద్దు.

దాదాపు ముప్పాతిక వంతు కేసులు తల, మెడ భాగంలోనే ఉంటాయి, తర్వాత చంక. సగం మందిలో పుట్టగానే కనిపిస్తుంది, రెండేళ్లు నిండేలోపు దాదాపు అందరిలో బయటపడుతుంది. మా వాడిలాగా జలుబుకో చిన్న దెబ్బకో ఉన్నట్టుండి ఉబ్బి బయటపడడం చాలా మామూలు, అంటే కొత్తగా వచ్చింది కాదు, ముందునుంచీ లోపల ఉన్నదే నిండింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మీరు మొట్టమొదట అడగాల్సింది "ఎలా తగ్గిస్తారు" అని కాదు, "పెద్ద తిత్తులా చిన్న తిత్తులా" అని. వాళ్ల భాషలో మాక్రోసిస్టిక్, మైక్రోసిస్టిక్, రెండూ కలిస్తే మిక్స్‌డ్. కొందరు 1 సెంటీమీటర్ దాటితే పెద్దది అంటారు, కొందరు 2 అంటారు, ఆ లెక్క వాళ్లకి వదిలెయ్యండి, మనకి కావాల్సింది సూది పెట్టి నీళ్లు తీసి మందు నింపేంత చోటు తిత్తిలో ఉందా లేదా అన్నది. పెద్ద తిత్తులంటే నాలుగైదు బెలూన్లు, ఖాళీ చేసి గోడలు అతికించొచ్చు. చిన్న తిత్తులంటే నీళ్లు పీల్చుకున్న స్పాంజి, అది కండలోకి, నాలుకలోకి, చర్మంలోకి అల్లుకుపోయి ఉంటుంది, ఖాళీ చెయ్యడానికి అక్కడ విడిగా సంచి ఏదీ ఉండదు. ట్రీట్‌మెంట్, ఎన్నిసార్లు, ఎంతవరకు తగ్గుతుంది, అన్నీ దీన్నిబట్టే తేలతాయి. ఇది తేలకుండా ఆపరేషన్ డేట్ ఇచ్చేస్తే ఆగి ఇంకొకళ్లకి చూపించండి, నా మాట ఇదే.

ఇది తేల్చేవి అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ. అల్ట్రాసౌండ్ తేలిక, మత్తు అక్కర్లేదు, మొదట అదే తీస్తారు. ఎంత లోతుకి పోయింది, గాలిగొట్టాన్ని నొక్కుతోందా, నరాలు ఎటు ఉన్నాయి అనేవి ఎంఆర్ఐలోనే తెలుస్తాయి. చిన్న పిల్లలు కదలకుండా ఉండరు కాబట్టి మత్తు ఇస్తారు, మరీ నెలల పిల్లలైతే పాలు పట్టి గట్టిగా చుట్టి నిద్రపుచ్చి తీసే పద్ధతి కూడా ఉంది, అడగండి. కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీస్తే లింఫ్ తిత్తుల్లో గోడలు మాత్రమే వెలుగుతాయి, లోపల నల్లగానే ఉంటుంది, అదే రక్తపు సిరల మాల్‌ఫార్మేషన్ అయితే లోపల కూడా నిండుతుంది, అలా తేడా పట్టేస్తారు. ముక్క తీసి పరీక్షకి పంపాల్సిన పని చాలాసార్లు పడదు. ఇంకో మాట, హెమాంజియోమా అని ఎర్రగా ఉబ్బే రక్తనాళాల గడ్డ పిల్లల్లో ఎక్కువగా వస్తుంది, దానికి ప్రొప్రనలాల్ సిరప్ బాగా పని చేస్తుంది, తర్వాత అదే చిన్నదైపోతుంది. మనదానికి ఆ సిరప్ పని చెయ్యదు. పక్కింటి పాపకి తగ్గింది కదా అని అడక్కండి. స్కాన్ అయ్యాక రిపోర్ట్ కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మలున్న సీడీ కూడా తీసుకోండి, రెండో చోటికి వెళ్లినప్పుడు వాళ్లు చూసేది ఆ బొమ్మలనే.

వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిన సందర్భాలు ఉన్నాయి, వీటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఊపిరి తీసుకుంటుంటే గుర్రుమనో కూతలాగానో చప్పుడు రావడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోవడం, పాలు మింగలేక చొంగ కారిపోవడం, నాలుక ఉబ్బి నోట్లో పట్టకపోవడం, ఒక కన్ను హఠాత్తుగా ముందుకి పొడుచుకు రావడం, వాపు ఎర్రబడి కాలిపోతూ జ్వరం రావడం. ఇవేవీ లేవా, అయితే ఇది రాత్రికి రాత్రి తేల్చాల్సిన వ్యవహారం కాదు, టైముంది.

ఇంట్లో మనకి ఎక్కువగా ఎదురయ్యేది ఉన్నట్టుండి ఉబ్బడం, దాని గురించి కాస్త ఎక్కువే రాస్తా. ఉబ్బడానికి మూడు కారణాలు, మూడూ చూడ్డానికి వేరుగా ఉంటాయి. ఒకటి జలుబు, గొంతు నొప్పి, పళ్లు రావడం లాంటివి ఉన్నప్పుడు లింఫ్ ఎక్కువై ఉబ్బుతుంది, మెత్తగానే ఉంటుంది, చర్మం రంగు మారదు, జలుబు పోయాక ఒకటి రెండు వారాల్లో దిగుతుంది. రెండోది తిత్తి లోపల రక్తం కారడం, అప్పుడు గంటల్లో పెరుగుతుంది, గట్టిపడుతుంది, పైన నీలంగానో ఊదాగానో కమిలినట్టు కనిపిస్తుంది, నొప్పి ఉంటుంది, కానీ ఒళ్లు కాలదు. చూస్తే గుండె ఆగుతుంది గానీ చాలావరకు అదే మెల్లగా పీల్చుకుపోతుంది, దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. మూడోది ఇన్ఫెక్షన్, ఎర్రగా, వేడిగా, ముట్టుకోనివ్వకుండా, జ్వరంతో. దీనికి యాంటీబయాటిక్ తప్పదు, ఒక్కోసారి అడ్మిట్ చేసి సెలైన్ ద్వారా ఇస్తారు, మామూలు గొంతు నొప్పికి ఇచ్చేదానికన్నా ఎక్కువ రోజులే వాడాల్సి రావచ్చు, తగ్గింది కదా అని మధ్యలో ఆపెయ్యకండి. లింఫ్ తిరగకుండా నిలవ ఉన్న చోటు కదా, సూక్ష్మజీవులకి అక్కడ భలే సుఖం.

నొప్పికి పారాసిటమాల్ బరువుని బట్టి డాక్టర్ చెప్పినంత. రక్తం కారిందేమో అనే అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ అడక్కుండా వెయ్యొద్దు, పిల్లలకి ఆస్పిరిన్ అసలే వద్దు. వేడి కాపడం పెట్టడం, నూనె రాసి రుద్దడం, పిండడం లాంటివి చెయ్యొద్దు. తల కింద కాస్త ఎత్తు పెడితే వాపు త్వరగా దిగినట్టు మాకైతే అనిపించింది, మరీ పసిపిల్లలకి మాత్రం దిండ్లు పెట్టకూడదు. నోరు, మెడ, నాలుక మీద ఉన్న పిల్లలకి పళ్లు తోమడం మందుతో సమానం, పుచ్చుపళ్ల నుంచి పాకే ఇన్ఫెక్షన్లే సగం గొడవ. ఇంకొకటి, ఫోటోలు. వారానికొకసారి అదే కిటికీ దగ్గర, అదే పక్కనుంచి, అంతే దూరం నుంచి ఒకటి తీసి పెట్టుకోండి, ఉబ్బినప్పుడు రోజూ తీయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజుకి వాపు దిగిపోయి ఉంటుంది, మనం చేతులతో "ఇంత ఉందండీ" అని చూపిస్తుంటాం, ఫోటో ఉంటే ఆ బాధ లేదు.

ఇక ట్రీట్‌మెంట్. మొదటిది ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండడం, ఇదీ ట్రీట్‌మెంటే. ఊపిరికి, మింగడానికి, చూపుకి అడ్డం లేకుండా, నొప్పి లేకుండా, చిన్నదిగా ఉంటే ఆగి చూద్దాం అంటారు. కొద్దిమందిలో, ముఖ్యంగా పెద్ద తిత్తులున్న వాళ్లలో, దానంతటదే కుంచించుకుపోవడం ఉంది. చుట్టాలు "ఇంకా ఏం చేయించలేదా" అని పోరు పెడతారు, పెట్టనీండి.

పెద్ద తిత్తులకి ఇప్పుడు ఎక్కువ చోట్ల ముందు చేసేది స్క్లెరోథెరపీ. పిల్లాడికి పూర్తి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్న సూది తిత్తిలోకి పంపి, నీళ్లు లాగేసి, ఆ ఖాళీలో మందు నింపుతారు. మందు లోపలి గోడని రేపుతుంది, పుండులా అయి మానుతూ గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఇంక నిండడానికి చోటు ఉండదు. మేము మొదట చూపించిన డాక్టర్ చేసిన దానికీ దీనికీ తేడా ఆ మందే. ఇది చేసేది సాధారణంగా ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు, అంటే స్కాన్‌లో చూస్తూ సూదులతో ట్రీట్‌మెంట్ చేసే డాక్టర్లు, కొన్ని చోట్ల పిల్లల సర్జన్లు.

మందులు రకరకాలు, మీ పిల్లకి ఏది వాడుతున్నారో పేరు రాయించుకోండి ఎందుకంటే జాగ్రత్తలు దాన్నిబట్టి మారతాయి. డాక్సీసైక్లిన్ అనేది మామూలు యాంటీబయాటికే, పెద్ద తిత్తులకి బాగా వాడతారు, నెలలోపు పిల్లలకి ఎక్కువ మోతాదు పడితే షుగర్ పడిపోవడం లాంటివి జరగొచ్చు కాబట్టి అక్కడ జాగ్రత్త పడతారు. ఓకే-432 అనేది జపాన్‌లో పుట్టిన మందు, 1987లో ఒగిటా అనే డాక్టర్ బృందం దీని ఫలితాలు ప్రచురించింది, బలహీనపరిచిన స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియాతో, పెన్సిలిన్ కలిపి తయారు చేస్తారు, అందుకే పెన్సిలిన్ అలర్జీ ఉంటే పనికిరాదు, వేసిన తర్వాత రెండు మూడు రోజులు జ్వరం రావడం మామూలు, అన్ని దేశాల్లో దొరకదు. బ్లియోమైసిన్ అసలు క్యాన్సర్ మందు, పేరు వినగానే కాళ్లు వణుకుతాయి, ఇక్కడ వాడే మోతాదు చాలా తక్కువ. దీనితో వాపు తక్కువ వస్తుంది కాబట్టి గాలిగొట్టం దగ్గర, కంటి దగ్గర, చిన్న తిత్తుల్లో దీన్ని ఇష్టపడతారు. జీవితం మొత్తంలో పడిన మోతాదు కలిపి లెక్క పెట్టాలి, ఎక్కువైతే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు, ఆ లెక్క మీ ఫైల్లో కూడా ఉండాలి. ఇంకో విచిత్రం, బ్లియోమైసిన్ పడిన రోజుల్లో చర్మానికి అంటించిన టేపు పీకినా, గోకినా ఆ గీతల వెంట నల్లటి మచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది. టేపులు, ఈసీజీ స్టిక్కర్లు వీలైనంత తక్కువ వెయ్యమని మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి, ఇంటికొచ్చాక గోళ్లు కత్తిరించండి.

ఆ రోజు ఎలా ఉంటుందంటే, మత్తుకి ముందు తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బా పాలు, తిండి 6 గంటల ముందు ఆపమంటారు, మీ హాస్పిటల్ టైము ఏదైతే అదే పాటించండి, జాలిపడి ఒక్క గుక్క పట్టినా కేసు వాయిదా పడుతుంది. సూది గాటు తప్ప కోత ఉండదు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వస్తారు, కానీ నాలుక, గొంతు దగ్గరైతే వాపు ఊపిరికి అడ్డం రావచ్చు కాబట్టి ఐసీయూలో ఉంచుతారు, ఒక్కోసారి ఊపిరి కోసం వేసిన గొట్టం కొన్ని రోజులు అలాగే ఉంచుతారు. ఇది ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే బయటికొచ్చి గొట్టంతో ఉన్న బిడ్డని చూసి మనం కూలిపోతాం.

ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పని ముక్క. మందు వేశాక వాపు ముందుకన్నా పెద్దదవుతుంది. రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత రాయిలా గట్టిపడి, అప్పుడు వారాల మీద కరుగుతుంది. మేము ఐదో రోజున ఫెయిల్ అయిపోయిందని డిసైడ్ అయిపోయాం, ఆరో వారానికి సగం తగ్గింది. అందుకే రెండోసారి చెయ్యాలా వద్దా అనేది కూడా 6 నుంచి 8 వారాలు ఆగాకే చూస్తారు. ఒక్కసారితో అయిపోయేవాళ్లు ఉన్నారు, మాకు మూడు సార్లు పట్టింది. ఇన్ఫెక్షన్ ఉండగా మాత్రం చెయ్యరు, జలుబు ఉన్నా మత్తు డాక్టర్లు ఒప్పుకోరు, వాయిదా పడితే విసుక్కోకండి.

ఆపరేషన్ ఎప్పుడంటే, ఒకే చోట విడిగా ఉండి పూర్తిగా తీసెయ్యగలిగితే, లేదా మందులకి లొంగకపోతే, లేదా గాలికి అడ్డం ఉంటే. మెడ, బుగ్గ భాగంలో ముఖాన్ని కదిలించే నరం, నాలుక నరం, గొంతు నరం అన్నీ ఈ తిత్తుల మధ్య నుంచే పోతుంటాయి. అన్నీ తీసేస్తాం అని గర్వంగా చెప్పే సర్జన్ కన్నా నరం దగ్గర కాస్త వదిలేస్తాం అనే సర్జన్ మీద నాకు నమ్మకం ఎక్కువ, మిగిలింది మళ్లీ పెరగొచ్చు కానీ నరం తెగితే ఏడ్చినప్పుడు మూతి వంకర జీవితాంతం ఉంటుంది. నరాల్ని కనిపెట్టే మానిటర్ పెడతారా అని అడగండి. తర్వాత కొన్ని రోజులు డ్రైన్ గొట్టం నుంచి నీరు కారుతుంది, అది మామూలే.

చిన్న తిత్తులు అల్లుకుపోయిన పిల్లలకి, రెండు మూడు చోట్ల ఉన్నవాళ్లకి ఇప్పుడున్న పెద్ద ఆసరా సిరోలిమస్. దీని అసలు పేరు రాపామైసిన్, ఈస్టర్ దీవి మట్టిలోని బ్యాక్టీరియా నుంచి తీశారు, ఆ దీవిని అక్కడివాళ్లు రాపా నుయి అంటారు, అదీ పేరు వెనక కథ. తీసిన బృందాన్ని నడిపింది సురేంద్రనాథ్ సెహగల్ అనే భారత సంతతి శాస్త్రవేత్త, 1970లలో. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి వాడే మందు ఇది, ఇందాకటి జీన్ మార్పు వల్ల కణాల్లో ఆగకుండా నడిచే "పెరుగు, పెరుగు" అనే సిగ్నల్‌ని కింద నుంచి ఆపుతుంది. నోటి ద్వారా రోజూ వెయ్యాలి, రక్తంలో మోతాదు ఎంతుందో మధ్యమధ్యలో టెస్ట్ చెయ్యాలి. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది, మాయమైపోవడం అరుదు, చిన్నదవ్వడం, కారడం, ఇన్ఫెక్షన్లు తగ్గడం ఎక్కువ. నోటి పూత రావచ్చు, రక్తంలో కొవ్వు పెరగొచ్చు, రోగనిరోధక శక్తి కాస్త తగ్గుతుంది కాబట్టి జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకూడదు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి బతికున్న వైరస్ టీకాల గురించి మందు మొదలు పెట్టకముందే అడగాలి. గ్రేప్‌ఫ్రూట్ రసం, క్లారిత్రోమైసిన్, కొన్ని ఫంగస్ మందులు దీని మోతాదుని రక్తంలో అమాంతం పెంచేస్తాయి, మామూలు జలుబుకి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మందు వాడుతున్నాం అని చెప్పి తీరాలి. ఆపేస్తే కొందరిలో మళ్లీ ఉబ్బుతుంది. పీఐకే3సీఏ జీన్ తయారు చేసే ప్రోటీన్ మీదే నేరుగా పని చేసే అల్పెలిసిబ్ అనే మందుకి అమెరికా ఎఫ్‌డీఏ 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది, అది ఆ జీన్ వల్ల వచ్చే తీవ్రమైన పెరుగుదల జబ్బులకి, రెండేళ్లు దాటిన వాళ్లకి, మామూలు మెడ వాపుకి కాదు.

చర్మం మీద, నాలుక మీద కప్ప గుడ్లలాగా చిన్న చిన్న నీటి పొక్కులు వచ్చి కారుతూ, ఒక్కోసారి రక్తం చిమ్ముతూ ఉంటే అవి లోపలున్న చిన్న తిత్తుల మూతులు అనుకోండి. వాటికి లేజర్, నాలుకకి రేడియోఫ్రీక్వెన్సీ, చర్మానికి సిరోలిమస్ పూత మందు వాడుతున్నారు, తిరిగి తిరిగి వస్తాయి, తిరిగి తిరిగి చేయించాలి. నాలుక పెద్దదై మాట రాకపోతే స్పీచ్ థెరపీ, దవడ వరస మారితే పళ్ల డాక్టర్, అలా జట్టు పెరుగుతుంది. పొట్టలో, ఛాతీలో, ఎముకల్లో వచ్చేవి వేరే దారి, వాటి గురించి నాకు అనుభవం లేదు కాబట్టి రాయను. పిల్లల సర్జన్, రేడియాలజిస్ట్, ఈఎన్‌టీ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని చూసే వాస్కులర్ అనామలీస్ క్లినిక్ అనేది ఎక్కడన్నా అందుబాటులో ఉంటే దూరమైనా ఒక్కసారి అక్కడ చూపించండి. విడివిడిగా వెళ్తే సర్జన్ కోస్తానంటారు, రేడియాలజిస్ట్ సూది వేస్తానంటారు, మధ్యలో నలిగేది మనం.

మా వాడికి ఇప్పుడు ఐదేళ్లు. మెడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది గానీ చూస్తే తెలీదు. జలుబు చేస్తే ఇప్పటికీ కాస్త ఉబ్బుతుంది, ఫోటో తీసి పెట్టుకుని, ఎరుపు, వేడి, జ్వరం ఉన్నాయేమో చూసి ఊరుకుంటాం. స్కూల్ బ్యాగ్ ముందు జేబులో ఒక కాగితం పెట్టాను, డాక్టర్ గారి సంతకంతో. అందులో జబ్బు పేరు, వేసిన మందుల లెక్క, మా ఫోన్ నంబర్లు, కింద పెద్ద అక్షరాలతో ఒక లైను: మెడ దగ్గర ఉబ్బితే ఊపిరి ఎలా ఉందో చూడండి, మాకు ఫోన్ చెయ్యండి, సూది పెట్టి లాగకండి.